క్రీడాశుల్కము

అమెరికా దేశపు కాలేజీలలో ఆటలాడు విద్యార్థులు తమ పేరును, ముఖమును వర్తకుల ప్రకటనలకిచ్చి ద్రవ్యము సంపాదించుకొనవచ్చునని అచ్చటి కాలేజి క్రీడల నేలు జాతీయ సంఘము 2021 జూలై 1వ తేదీన ఒప్పుకొన్నది. అది మొదలు ఆటలో ఆరితేరిన బాలుడు ఏ కాలేజిలో చేరునన్న ప్రశ్న, అచ్చట ఎంత సొమ్ము ముట్టునన్న ప్రశ్నతో ముడివడిపోయినది. ఈ సంగతి మన యిండ్లలోనికి కూడ వచ్చినది. బిడ్డలు అమెరికాలో స్థిరపడిన కుటుంబములు మనలో నెన్ని కలవో చదువరు లెఱుగుదురు. అచ్చటి మనుమలు తాతలకు ఫోనులో చెప్పు కబుర్లలో ఇదియు నొకటి. విన్న పెద్దలు ముక్కుపై వ్రేలు వేసికొని, సరస్వతిని సంతలో నిలువబెట్టిరని నిట్టూర్చుచున్నారు. ఆ నిట్టూర్పులో మేము పాలుపంచుకొనజాలము. అట్లని, బాలురకు మంచి దినములు వచ్చినవని చప్పట్లు చఱచువారితోను మేము కలియజాలము. ఈ రెండు పక్షములవారును వ్యవహారమును దాని నిజమైన పేరుతో పిలుచుట లేదని మా వాదము.

మొదట ఆ దేశపు కాలేజి ఆట యెట్టిదో చెప్పవలెను. మన వైపు కాలేజి ఆట యనగా సాయంకాలము నాలుగు గంటలకు చొక్కా మార్చుకొని మైదానమునకు పోవుట. అక్కడ అట్లు కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు మైదానములో లక్షకు పైగా జనము కూర్చుండుటకు చోటు కలదు. (ఫుట్‌బాలనగా మన కాలిబంతి కాదు, బంతిని చేత బట్టి పరుగెత్తుచు, విసరుచు, ఒకరి నొకరు పడద్రోయుచు ఆడు ఆట.) ప్రతి సంవత్సరము మార్చి నెలలో జరుగు కాలేజి బాస్కెట్‌బాలు పోటీలను టెలివిజనులో చూపు హక్కును 2010లో 14 ఏండ్లకు గాను 1,080 కోట్ల డాలర్లకు అమ్మిరి. 2016లో దానిని మఱి 8 ఏండ్లు పొడిగించి, ఆ యెనిమిదేండ్లకే 880 కోట్ల డాలర్లు కుదుర్చుకొనిరి. ఈ ధనమంతయు ఎవరి చెమటవలన వచ్చినదో వారికి ముట్టుచుండినది ఫీజు, భోజనము, బస. దానిపైన కొంచెము చిల్లర.

ఇక నిట్టూర్పువారి మాట. ధనము తాకని పవిత్రమైన ఆట యొకటి పూర్వముండెననియు, దానిని ఈ కాలపు బాలురు మైలపఱచిరనియు వారి యభిప్రాయము. ఆ పూర్వమెప్పుడు? అమెరికాలో రెండు కాలేజీల నడుమ జరిగిన తొలి పోటీ 1852లో న్యూహాంప్‌షైరులోని విన్నిపెసాకీ సరస్సుపై హార్వర్డు, యేలు విద్యార్థులు పడవలు నడిపిన పందెము. ఆ బాలుర ప్రయాణపు ఖర్చు, భోజనపు ఖర్చు భరించినది ఆ ప్రాంతమునకు క్రొత్తగా రైలు వేసిన కంపెనీ. తమ బండ్లలో జనము ఎక్కవలెనని వారి కోరిక. అనగా తొలి పందెమే ఒక రైలు ప్రకటన! 1929లో కార్నెగీ సంస్థవారు నూటికి పైగా కాలేజీలను పరిశీలించి పుస్తకము ప్రకటించిరి. ఆటగాండ్రకు ఏదో యొక రూపమున రహస్యముగా సొమ్ము ముట్టజెప్పు కాలేజీలే వానిలో ఎక్కువయని తేలినది. 1987లో టెక్సాసులోని సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయమువారు ఆటగాండ్రకు లోపాయికారిగా సొమ్మిచ్చుచుండిరని రుజువై, ఆ యేటి ఫుట్‌బాలు మొత్తము రద్దయ్యెను. మైల క్రొత్తది కాదు. పెరటి దారిని వచ్చుచుండినది వీధివాకిటికి వచ్చినది, అంతియే.

'విద్యార్థి క్రీడాకారుడు' అను మాట యొకటి కలదు. వినుటకు ఎంత ముచ్చటగా నున్నది! దాని జన్మవృత్తాంతము మాత్రము ముచ్చటైనది కాదు. 1955లో కొలరాడో రాష్ట్రమున ఒక చిన్న కాలేజి ఫుట్‌బాలు ఆటగాడు తలకు దెబ్బ తగిలి మరణించెను. భార్య పనివారికిచ్చు నష్టపరిహారము కోరెను. కాలేజి ఫుట్‌బాలు వ్యాపారము చేయుట లేదు గనుక పరిహారము రాదని ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము 1957లో తీర్పు చెప్పెను. ఇట్టి దావాల కడ్డుకట్టగనే తాము ఈ మాటను పుట్టించి పత్రములన్నిట చొప్పించితిమని, జాతీయ సంఘమును 1951 మొదలు 1987 వఱకు నడపిన వాల్టర్ బయర్సు అనునాయనయే 1995లో తన పుస్తకమున ఒప్పుకొనెను. ఒక వితంతువునకు చెల్లింపవలసినది ఎగవేయుటకు పుట్టిన పదమును పట్టుకొని మన పెద్దలు ఆదర్శమని కన్నీరు కార్చుట మాకు వింతగా నున్నది.

ఆ ఆదర్శము ఎవరిపై కాఠిన్యము చూపెనో చూడుడు. జెరెమీ బ్లూమ్ అను యువకుడు మంచుపై జారు పందెములలో ఒలింపిక్సుకు పోయినవాడు. కొలరాడో విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు కూడ ఆడువాడు. మంచుపందెముల ఖర్చులు ప్రకటనల సొమ్ముతో గడచుచుండెను. ఆ సొమ్ము ముట్టినందున 2004లో అతనిని కాలేజి ఫుట్‌బాలు నుండి వెలివేసిరి. 2017లో ఫ్లోరిడాలో ఒక బాలుడు యూట్యూబులో తాను చేసిన చిత్రములపై వచ్చు కొద్ది సొమ్మును వదలుకొననన్నందుకు ఆటను, విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. ఇంతలో టెక్సాసు ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమువారు 2023 నవంబరులో తమ ఫుట్‌బాలు శిక్షకుని పనిలోనుండి తీసివేసి, ఇక పని చేయకుండుటకు గాను 7 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి ఇచ్చుటకు బద్ధులైరి. గురువు పని మానినందుకు కోట్లు. శిష్యుడు చిల్లర సంపాదించినందుకు వెలి. కాలిఫోర్నియా రాష్ట్రము 2019లో ఈ యన్యాయమునకు విరుద్ధముగా చట్టము చేసినప్పుడును, 2021 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకకంఠముగా విద్యాసంబంధమైన సహాయములపై సంఘము పెట్టిన కట్టుబాట్లు చెల్లవన్నప్పుడును మేము సంతోషించితిమి. ఆ తీర్పు వెలువడిన పది దినములకే సంఘము ప్రకటనల విషయమున తల వంచినది.

ఇంతవఱకు బాలుర పక్షమే. ఇప్పుడు మా రెండవ మాట.

తన ముఖము చూపి సబ్బులమ్మినవానికి సబ్బులవాడు సొమ్మిచ్చుట న్యాయము. లూసియానా స్టేటు విశ్వవిద్యాలయమున ఒలీవియా డన్ను అను వ్యాయామక్రీడాకారిణి నిజముగా వస్త్రములకు, వస్తువులకు ప్రకటనలిచ్చి లక్షలు సంపాదించెను. ఆమెను చూచి కొన్నవారున్నారు గనుక ఇచ్చిరి. అందులో తప్పేమి? కాని 2021 గడవకముందే వేఱొక తంత్రము బయలుదేరినది. ఒక్కొక్క విశ్వవిద్యాలయపు జట్టునకు ధనికులైన అభిమానులు కూడి 'కలెక్టివు' లను సంఘములు పెట్టిరి. చందాలు పోగుచేయుట, ఆటగాండ్రకు పంచుట వాని పని. ఆ యేడు డిసెంబరులో టెక్సాసు విశ్వవిద్యాలయపు అభిమానుల సంఘ మొకటి, ఆ జట్టులో ముందువరుసన నిలిచి ఎదుటివారి నడ్డగించు బరువైన ఆటగాండ్రు ఒక్కొక్కరికి ఏటికి 50 వేల డాలర్ల వఱకు ఇత్తుమని ప్రకటించెను. దేనికి? ధర్మకార్యములకు తమ పేరు వాడుకొననిచ్చినందుకట! ముందువరుస ఆటగాని ముఖము సామాన్యముగా శిరస్త్రాణము చాటుననే యుండును. వాని పేరు సొంత వీధివారికే తెలియదు. ధర్మకార్యము మంచిదే. కాని ఆ కాలేజిలో చేరక వేఱొక కాలేజిలో చేరిన బరువైన బాలునకు ఆ ధర్మము వర్తింపదు.

ఇది మన చదువరులకు విడమరచి చెప్పనక్కఱలేదు. వరకట్న నిషేధ చట్టము మనకు 1961 నుండి కలదు. ఆ చట్టమే పెండ్లి సమయమున అడుగకుండ ఇచ్చిన కానుకలను కట్నముగా నెంచకుండుటకు దారియు విడిచినది. ఇక మనవారికి వేఱేమి కావలెను? వెల యను మాట పోయినది. కానుకలు, లాంఛనములు, ఆడపడుచు మర్యాదలు మిగిలినవి. పెండ్లికొడుకు తండ్రి "మేము కట్నము పుచ్చుకొనము" అని నలుగురిలో చెప్పును. బేరము వెనుక గదిలో జరుగును. అమెరికా క్రీడాసంఘము చేసినదియు అక్షరాల నిదియే. ప్రకటనల సొమ్ము పుచ్చుకొనవచ్చును గాని, కాలేజిలో చేరుటకు గాను పుచ్చుకొనరాదని నియమము. 2022 మే నెలలో దానిని మఱల వివరించి చెప్పిరి. 2024 ఫిబ్రవరిలో టెనెస్సీ రాష్ట్రపు ఫెడరల్ న్యాయమూర్తి, చేరకముందే బేరమాడరాదను ఆ నియమమును అమలుపఱుపరాదని ఉత్తరువు చేసెను. మిజోరీ రాష్ట్రమైతే మొగమాటమే పడలేదు. 2023లో చట్టము చేసి, ఉన్నత పాఠశాల బాలుడు తమ రాష్ట్రపు విశ్వవిద్యాలయమునకు చేరుదునని సంతకము చేసినచో ఆ క్షణమునుండియే ప్రకటనల సొమ్ము పుచ్చుకొనవచ్చుననెను. పొరుగు రాష్ట్రమునకు సంతకము చేసినచో ఆ వెసులుబాటు లేదు. ఇంతకంటె స్పష్టముగా శుల్కమును శాసనమున వ్రాయుట ఎట్లో మాకు తోచదు.

లాంఛనములతో వచ్చిన చిక్కేమనగా, ఇచ్చెదమన్నవాడు ఇయ్యకపోయినప్పుడు అడుగుటకు నోరుండదు. కాలిఫోర్నియా బాలుడు జేడెన్ రషాదా క్వార్టర్‌బ్యాకు, అనగా బంతి విసరి జట్టును నడపించువాడు. 2022లో మొదట మయామీ విశ్వవిద్యాలయమునకు మాట ఇచ్చెను. నవంబరులో ఆ తాంబూలములు త్రిప్పి పంపి ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు ఒప్పుకొనెను. కారణము, నాలుగేండ్లకు 1 కోటి 38 లక్షల 50 వేల డాలర్లిత్తుమని అభిమానుల సంఘమువారు వ్రాసిన ఒడంబడిక. డిసెంబరులోనే వారు దానిని రద్దు చేసిరి. 2023 జనవరిలో బాలుడు తనను విడిచిపెట్టుమని కోరి, తండ్రి చదివిన అరిజోనా స్టేటు విశ్వవిద్యాలయమునకు పోయెను. తరువాతి యేట జార్జియాకు. 2024 మే నెలలో, తన్ను మోసగించిరని ఫ్లోరిడా శిక్షకునిపైనను మఱి కొందఱిపైనను దావా వేసెను. దావాలోని సత్యాసత్యములు న్యాయస్థానపు పని. మేము చూచుచున్నది వేఱు. రెండేండ్లు తిరుగకముందే ఆ బాలుని పేరుతో నాలుగు విశ్వవిద్యాలయములు ముడిపడినవి. ఈ తిరుగుటలో నెక్కడనైన ఏ పాఠ్యవిషయము చదువుదువని అడిగినవారున్నట్లు ఏ పత్రికయు వ్రాయలేదు.

2024 సెప్టెంబరులో నెవాడా రాష్ట్రపు లాస్ వేగాస్ విశ్వవిద్యాలయమున ఇంకొక క్వార్టర్‌బ్యాకు మూడు పందెములాడి మూడును గెలిపించి, నాలుగవ దానికి ముందు ఆట మానుకొనెను. లక్ష డాలర్లిత్తుమని నోటిమాటగా చెప్పి ఇయ్యలేదని అతని పక్షమువారు. అట్టి ఒడంబడిక లేనేలేదని అభిమానుల సంఘమువారు. పీటలమీద పెండ్లి ఆగినట్లే గదా! మాట ఇచ్చినదెవరు, ఎంత, దేనికి అనుటకు కాగితము లేదు. కాగితము వ్రాసికొన్న చోటను సుఖము లేదు. 2025లో జార్జియా విశ్వవిద్యాలయపు క్రీడాసంఘమువారు, జట్టు మారిన ఆటగాడొకడు ఒడంబడిక ప్రకారము 3 లక్షల 90 వేల డాలర్లు చెల్లింపవలెనని కోర్టుకెక్కిరి. వెడలిపోయిన వధువు నగలు లెక్కగట్టి అడిగినట్లున్నది.

ఇచట చప్పట్లవారు మాకు అడ్డు తగులుదురు. బాలుడు స్వతంత్రుడు, ఎక్కువ వెల యిచ్చువాని యొద్దకు పోవును, చదువులో చురుకైన బాలిక ఎక్కువ విద్యార్థివేతనమిచ్చు కాలేజికి పోవుట లేదా యని వారి ప్రశ్న. ప్రశ్న మంచిదే. ఆ బాలికకు వేతనమిచ్చునది కాలేజియే, ఇచ్చునది చదువుకొఱకు, ఎంత, ఎన్నేండ్లు, ఏ షరతులపై అని వ్రాతపూర్వకముగా నిచ్చును. ఈ బాలునకు ఇచ్చువాడు కాలేజికి వెలుపలివాడు. ఇచ్చునది వాని చదువుకొఱకు కాదు, పైకి చెప్పిన ప్రకటనకొఱకును కాదు. మోకాలు విఱిగిన మఱునాడు ఇచ్చునో ఇయ్యడో వాని దయ. నడుమ నొక యేజెంటు, ఆడపడుచు కట్నమువలె తన వంతు తాను తీసికొనుచు. పదునేడేండ్ల పిల్లవాడు, ఆ కుటుంబమున కాలేజి మెట్టెక్కిన మొదటివాడు, ఈ మువ్వురి నడుమ కూర్చుండి చేసిన ఎంపికను స్వతంత్ర మనుట సాహసము.

పైగా 2024 మొదలు, మార్కులు తగినన్ని యున్నచో ఎన్నిమారులైనను కాలేజి మారి వెంటనే ఆడవచ్చును. మారు హక్కు ఉండవలసినదే. శిక్షకులు తమ యిష్టము వచ్చినప్పుడు మారుట లేదా? కాని చదువు మూటగట్టి బండిలో వేసికొనిపోవు సామాను కాదు. ఒక చోట చదివిన పాఠములన్నిటిని ఇంకొక చోట లెక్కలోనికి తీసికొనరు. పట్టపు గడువు జరుగుచునే యుండును. కాలేజి ఆటగాండ్రలో వృత్తి క్రీడాకారులగువారు నూటికి ఇద్దఱు కూడ లేరని ఆ జాతీయ సంఘమే చెప్పుచున్నది. అయిదు లక్షలకు పైబడిన తక్కిన పిల్లలకు, ఆట ముగిసిన నాడు చేతిలో మిగులునది పట్టమే. కోట్ల కథలు పత్రికల కెక్కునవి కొందఱివి. ఎక్కువమందికి ముట్టునది ఒక జత బూట్లు, కొన్ని భోజనపు చీట్లు. ఆ కొందఱి కథలు విని ఈ యెక్కువమంది తలిదండ్రులు లెక్కలు వేసికొనుట మాకు ఆందోళన కలిగించుచున్నది.

ఒక మాట న్యాయముగా ఒప్పుకొనవలెను. సొమ్ము వచ్చుటచేత చదువులో నిలిచినవారును కలరు. పూర్వము రెండవ యేట కాలేజి విడిచి వృత్తి పోటీలకు పోవు బాస్కెట్‌బాలు బాలురు కొందఱు, ఇచటనే కొంత దొరకుచున్నదని నాలుగేండ్లు నిలిచి పట్టము పుచ్చుకొనిరి. కావుననే సొమ్ము పాపమనువారితో మాకు పొత్తు లేదు.

2025 జూన్ 6న కాలిఫోర్నియా న్యాయమూర్తి క్లాడియా విల్కెను ఆమోదించిన రాజీ ప్రకారము, ఆ జూలై నుండి విశ్వవిద్యాలయములే నేరుగా ఆటగాండ్రకు ఇచ్చుకొనవచ్చును. తొలి యేటికి ఒక్కొక్క విద్యాలయమునకు పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పూర్వపు ఆటగాండ్రకు పరిహారముగా పదేండ్లలో ఇంచుమించు 280 కోట్ల డాలర్లు. ఇది మేలైన మార్పని మొదట అనుకొంటిమి. షరతులు చదివిన తరువాత నిరాశ కలిగినది. ఈ సొమ్మును సయితము జీతమనరు. ఆటగాని పేరును, రూపమును వాడుకొనుటకు హక్కు కొన్నామందురు! పనివాడని ఒప్పుకొన్నచో దెబ్బ తగిలినప్పుడు పరిహారమియ్యవలెను, సంఘము కట్టుకొననియ్యవలెను. 1955 నాటి భయమే ఇంకను వెన్నాడుచున్నది. పంపకములో సింహభాగము పెద్ద విద్యాలయములలో ఫుట్‌బాలుకే. స్త్రీల ఆటలకు మిగులునది అడుగుబొడుగు. విద్యాలయములలో స్త్రీ పురుష భేదము కూడదని 1972లోనే చట్టము చేసిన దేశమిది! పరిహారపు పంపకములో స్త్రీలకు అన్యాయము జరిగినదని కొందఱు క్రీడాకారిణులు అప్పీలు చేసిరి. బయటివారిచ్చు సొమ్ము 600 డాలర్లు దాటినచో నిజమైన ప్రకటనయా కాదా యని పరీక్షించుటకు ఒక కార్యాలయము కూడ పెట్టిరి. కానుకలు తూచుటకు తక్కెడ పెట్టినట్లున్నది.

మేము కోరునది చిన్న సంగతి. ఆట వలన కోట్లు గడించు కాలేజి ఆ యాటగానికి జీతమని చెప్పి జీతమియ్యవలెను. ఆ యొడంబడికలోనే, ఆట మానినను, కాలు విఱిగినను, పట్టము చేతికి వచ్చువఱకు చదువు సాగింతుమని వ్రాయవలెను. ఇట్లు చేసినచో చిన్న ఆటలు మూతపడుననువారికి, పని మానిన శిక్షకుని 7 కోట్లను జ్ఞాపకము చేయుచున్నాము. డార్ట్‌మత్ కాలేజి బాస్కెట్‌బాలు బాలురు 2024 మార్చిలో మేము పనివారమే యని సంఘము కట్టుకొనుటకు ఓటు వేసిరి. ఆ సంవత్సరాంతమున తమ యర్జీని వారే వెనుకకు తీసికొనవలసి వచ్చినది. మా సానుభూతి ఆ బాలురపై కలదు.

ఇది దూరదేశపు ముచ్చటయని నవ్వుకొనువారు, మన ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన మఱునాటి పత్రిక తెఱచి చూడుడు. మొదటి పుట నిండ పిల్లల ముఖములు, క్రింద అంకెలు. పదవ తరగతిలో మొదట వచ్చిన బాలికకు ఫీజు లేకుండ చోటిచ్చి, రెండేండ్ల తరువాత ఆమె ముఖముతో వేయిమంది తలిదండ్రులను పిలుచుట మన యూళ్లలో తెలియని వ్యాపారమా? శిక్షణ సంస్థలు విద్యార్థుల పేర్లను, చిత్రములను వారి వ్రాతపూర్వకమైన సమ్మతి లేక వాడరాదనియు, ఆ సమ్మతి కూడ ఎంపికయైన తరువాతనే పుచ్చుకొనవలెననియు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో నియమము చేయవలసి వచ్చినది. అమెరికా బాలునకు పేరుకు వెల ముట్టుచున్నది. మన బాలికకు ఫీజు తగ్గింపు. ఆమెకు ఇష్టమైన శాస్త్రమేదో అడిగినవారు ఇచ్చటను లేరు.

కడపట, అమెరికాలో ఆటలాడు మనుమలు గల మా చదువరులకు రెండు సంగతులు. విద్యార్థి వీసాపై ఇచ్చటినుండి పోయిన పిల్లలు అచ్చట పని చేసి ప్రకటనల సొమ్ము గడించుటకు వీసా నిబంధన లడ్డు. ఎవరైనను ఆశ చూపినచో న్యాయవాదినడుగక సంతకము చేయనీయకుడు. అచ్చట పుట్టిన పిల్లలకు ఆ యడ్డు లేదు. వారి యింటికి కాగితము వచ్చినప్పుడు, క్రింద సంతకము చేయుచున్నది కాలేజియా, అభిమానుల సంఘమా, లేక పేరైన వినని కంపెనీయా యని అడుగుడు; పిల్లవాడు రెండవ యేట ఆట మానవలసి వచ్చినచో మూడవ యేటి ఫీజు ఎవరు కట్టుదురని అడుగుడు. జవాబును నోటిమాటగా కాక కాగితముపై వ్రాయించుకొనుడు.